సల్లనీళ్లు

మెట్టుగడ్డ మూలమలుపు కాడ నా ఇస్త్రీబండి.
ఇరవై రెండేండ్లు.
ఏ మరక ఏడ అయిందో జెప్త నేను.
ఇది పప్పుచారు, ఇది పెండ్లి పసుపు,
ఇది సారు జేబుల కారిన పెన్ను,
ఇది తాగి వడ్డ మన్ను.
ఎర్రదైతె కోయిల్‌కొండ దిక్కు, నల్లదైతె అలంపురం దిక్కు.
ఎవ్వరికి జెప్ప. మడతల వెట్టి ఇచ్చేస్త.
చాకలి కడుపుల ఊరి గుట్టు ఉంటదని
మా తాత అనేటోడు.

బిడ్డ డ్రెస్సు చెయ్యి లోపలి దిక్కు
గోధుమరంగు మరక
మూడుసార్లు నా పెట్టె కిందికెళ్లి పోయింది.
తుప్పనుకున్న. హాస్టల్ మంచం తుప్పు.

ఏప్రిల్. పాలమూరు ఎండ.
డాంబరు చెప్పులకు అంటుకుంటుంది.
నవనీత నిండుచేతుల డ్రెస్సు ఇడువది.
"ఎండ తగుల్తది నాయినా" అంటది,
ఇంట్ల కూసోని.

వాళ్లమ్మ చూసింది,
చుట్టాల పెండ్లికి మైదాకు వెడ్తందుకు చెయ్యి గుంజితె.

ఆ పొద్దు ఏమేం జరగాల్నో అన్నీ జరిగినయ్.
అంజమ్మ నెత్తి బాదుకున్నది.
బామ్మర్ది ఫోన్ల, "రెండు పీకు బావా, సక్కగైతది."
పక్కింటామె ఎందుకో తెల్వకనె దిష్టి తీసింది.
నేను, అబద్ధమెందుకు, చెయ్యి ఎత్తిన.
ఎత్తిన చేతికి ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు
బల్బు ఎలుగుల కనవడ్డయ్.
బిడ్డ వాటినే చూసింది.
నేను గూడ చూసిన.
దించిన.

"సావాలనా?" అన్న. గొంతు నాది గాదు.
"కాదు నాయినా.
లోపల శానా అయినప్పుడు... ఇగ ఏం జెయ్యాల్నో తెల్వక."
ఎంత శానా అని అడగాలె గద.
అడగలె.
"నీకేం తక్కువ జేసినం?" అన్న.
కండ్లల్ల తలుపేసుకున్నది.

పెద్దదవాఖాన. మేడమీద చివరి రూము.
గల్లీ మనుషులెవరన్న ఉంటరేమోనని
అంజమ్మ కొంగు ముక్కుదాంక కప్పుకున్నది.
తస్లీమ్ మేడం బిడ్డతోని గంటసేపు, మాతోని పావుగంట.
"నాటకం గాదిది. పిచ్చి గాదు.
మోయలేని నొప్పిని ఇంకో నొప్పితోని మోస్తుంది.
ఒట్లు వెట్టించకున్రి.
చెయ్యి చూపియ్యమని దినాం తనిఖీ జెయ్యకున్రి.
ఉడుక్కోకున్రి. ఆమె జెప్పినప్పుడు కూసోని వినున్రి."

అంజమ్మకు సగం ఎక్కలె.
నాకు ఒక్కటెక్కింది.
నెత్తురు మరక మీద ఉడుకునీళ్లు వోస్తె
బట్టల్నే ఉండిపోతది, జన్మల పోదు.
సల్లనీళ్లల్ల నానవెట్టాలె. రుద్దొద్దు.
వాగు బండ మీద మా అమ్మ
నాకు పన్నెండేండ్లప్పుడే నేర్పింది.
తెల్సిన ఇద్దెనే.
ఇంట్లకు తేనీకి ఇన్ని దినాలు వట్టింది.

ఇప్పుడు గురువారం గురువారం బండి బందు.
గిరాకి గొణుగుతది. గొణగనీ.
నెలన్నర బాగనే ఉండె.
సప్లిమెంటరీ రాసొచ్చిన నాడు మల్ల అయింది.
ఈసారి తనే వచ్చి జెప్పింది.
గిన్నెల నీళ్లు, దూది తెచ్చుకొని ముంగట కూసున్న.
ఏమనాల్నో తెల్వక
"నొస్తుందా బిడ్డా" అన్న.
శానసేపు ఏడ్చింది.
అంజమ్మ కడపల నిలవడ్డది,
లోపలికి రాలె, బయటికి వోలె.

మొన్న వాన వెలిసినంక, రాత్రి పదకొండుకు లేపింది.
"నాయినా, ఇయ్యాల ఒక్కదాన్ని ఉండబుద్ధయితలేదు."
బండి కాడికి వోయినం. బొగ్గులు రాజేసిన.
పనంత అయిపోయింది ఎప్పుడో.
చేసిన బట్టలే ఇప్పి మల్ల చేసినం.
తను నీళ్లు చిలకరిస్తె నేను రుద్దుతున్న.
"గిదేం మరక నాయినా?"
"పెండ్లి పసుపు."
"మరి గిది?"
"అది జెప్పొద్దు."
కొంచెం నవ్వింది.

ఆఖరుకు తన డ్రెస్సు.
నిండుచేతులదే, ఇంకా.
చేతుల కాడికొచ్చేసరికి పెట్టె లేపి పట్టుకున్న,
కొంచెం సల్లారనిచ్చిన.
తర్వాత
మెల్లగ.